చెవులపిల్లుల పుస్తకం

2021 దసరా వెళ్లిన వారానికి మా ఎదురింటి వదిన కువైట్ వెళ్లింది. మలికిపురం, రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఇదేం వింత కాదు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఉంటారు. మా ఆయనా మస్కట్‌లో డ్రైవరే. వెళ్లేవాళ్లు ఇంటి తాళాలు ఒకరికి, బ్యాంకు పుస్తకం ఒకరికి, పిల్లల్ని ఒకరికి అప్పజెప్పి బస్సెక్కుతారు. వదిన తన ఎనిమిదేళ్ల కూతుర్ని హైదరాబాదులో చెల్లెలింట్లో దింపింది. ఆ పిల్ల లాక్‌డౌన్‌లో పెంచుకున్న రెండు చెవులపిల్లుల్ని మాత్రం ఆ అపార్టుమెంటులోకి రానివ్వం అన్నారట. బయల్దేరే రోజు పొద్దున్నే పంజరం మా అరుగు మీద పెట్టి, "రెండు నెలలు చూడు వదినా, మా తమ్ముడు వచ్చి పట్టుకెళతాడు. రెండూ ఆడవే, ఏ గొడవా ఉండదు" అంది.

తమ్ముడు రాలేదు. రెండూ ఆడవి కావు.

నేను కుట్టుమిషను మీద బతికేదాన్ని. గేదె సంగతి తెలుసు, కుక్క సంగతి తెలుసు, కోడి సంగతి తెలుసు. చెవులపిల్లి సంగతి తెలియదు. అందరూ ఎత్తినట్టే చెవులు పట్టుకుని ఎత్తేదాన్ని. అలా ఎత్తితే దానికి ప్రాణం పోయినంత పనవుతుందనీ, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలనీ, లేకపోతే కాళ్లు విదిలించిన విసురుకి దాని వెన్నెముకే విరగొచ్చనీ చాలా తర్వాత తెలిసింది. అన్నం పెట్టాను, బిస్కెట్లు పెట్టాను, క్యాబేజీ ఆకులు పెట్టాను. అవి తిన్నాయి కదా, ఇష్టమేననుకున్నాను. నిజానికి దానికి కావలసింది పొద్దస్తమానం నమలడానికి గడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పేగు కూడా ఆ పీచుతోనే కదులుతుంది. ఒక పూట మేత మానేసిందంటే పోనీలే, రేపు తింటుందిలే అనుకోకూడదు. అది వాంతి చేసుకోలేదు. లోపల ఆగిపోయింది ఆగిపోయినట్టే.

నవంబరు ఆఖర్లో తెల్లది, ఆ పిల్ల చిన్నీ అని పేరు పెట్టుకున్నది, తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. జబ్బు చేసిందనుకుని వేపాకు, పసుపు నూరాను. మర్నాడు చూస్తే పంజరం మూల ఆ బొచ్చు కుప్పలో ఆరు పిల్లలు. బొటనవేలంతవి, కళ్లు తెరవనివి, ఒంటి మీద నూగైనా లేనివి. తల్లి వాటి దగ్గర లేదు. అటు మూల కూర్చుని నములుతోంది. వదిలేసిందనుకుని సిరంజితో ఆవుపాలు పట్టబోయాను. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఒక పిల్ల నా చేతిలోనే చచ్చిపోయింది. తల్లి వదిలెయ్యలేదు. చెవులపిల్లి రోజుకి ఒకసారో రెండుసార్లో, అదీ నాలుగైదు నిమిషాలే పాలిస్తుంది. మిగతా వేళంతా గూడుకి దూరంగా ఉండటమే అది పిల్లల్ని కాచుకునే పద్ధతి. గూడెక్కడుందో నక్కకీ కుక్కకీ తెలియకూడదు కదా. ఆ పద్ధతి తెలియని నేను ఒక పిల్లను పొట్టన పెట్టుకున్నాను.

జనవరి మొదటి వారంలో పశువుల ఆసుపత్రికి రెండింటినీ బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లాను. అప్పటికే రెండో కాన్పు ఏడు పిల్లలు, ఒకటి పోయి ఆరు. డాక్టరు గారు రెండోదాన్ని, బన్నీ అనే మచ్చలదాన్ని వెల్లకిలా తిప్పి చూసి, "ఇది మగదమ్మా" అన్నారు. "ఆడదానికి పిల్లలు పెట్టిన రోజే మళ్లీ కడుపు కట్టేస్తుంది. నెలా ఒక్క రోజు, అంతే." ఇంటికొచ్చి బన్నీని విడిగా పెట్టాను. ఆలస్యమైపోయింది. జనవరి ఆఖరికి ఇంకో అయిదు పుట్టాయి, నాలుగు నిలిచాయి. ఎలా విడదియ్యాలో తెలిసినా ఏది మగదో, ఏది ఆడదో పిల్లల్లో పోల్చడం నాకు చేతకాలేదు. మొదటి కాన్పువాటిలో తప్పు పోల్చాను. ఏప్రిల్లో రెండు పడుచువి ఒకే వారంలో పిల్లలు పెట్టాయి. మధ్యలో గజ్జి తగిలి మూడు పోయాయి. ముక్కు మీద, చెవుల అంచుల్లో తెల్లటి పెచ్చులు కట్టే గజ్జి అది. నా చేతులకీ దురదలు పుట్టాయి. ఐవర్‌మెక్టిన్ సూది బరువు చూసి వేయాలి, రెండు వారాలకి మళ్లీ వేయాలి. ఒక్కొక్కదాన్ని వంటింటి తక్కెడలో తూచి ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లేదాన్ని. ఏప్రిల్ ఆఖరికి లెక్కపెడితే మా రెండు గదుల అద్దెయింటి పెరట్లో 23 ఉన్నాయి.

కూరగాయల కొట్టు ముందు రాలిన ముల్లంగి ఆకులు, తోటకూర కాడలు ఏరుకునేదాన్ని. తెల్లారకుండా కొబ్బరితోటల్లో కొడవలి పట్టుకుని గడ్డి కోసేదాన్ని. మంచు తడి గడ్డిని అరుగు మీద ఆరబెట్టి వేసేదాన్ని. రవికలు కుట్టించుకునేవాళ్లు ముక్కుకి పైటచెంగు అడ్డం పెట్టుకునేవారు. వాళ్లని తప్పు పట్టను. చెవులపిల్లి ఉచ్చ ఘాటు కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. ఆ పెళ్లిళ్ల సీజన్లో నాకు రావలసిన పని సగం పక్క వీధికి పోయింది. మా ఆయన ఫోన్లో, "అవి నీకేమవుతాయి?" అన్నాడు. ఏమవుతాయో నాకూ తెలియదు. ఎవరో ఒకరు పెట్టకపోతే చస్తాయన్నది మాత్రం తెలుసు.

జంతువుల్ని తీసుకునే ఆశ్రయాలు ఉంటాయని విని ఫోన్లు మొదలుపెట్టాను. తెలుగునాట ఆ పని చేసేవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులో అక్కినేని అమల గారు బ్లూక్రాస్ మొదలుపెట్టింది 1992లో. విశాఖలో వీఎస్‌పీసీఏ 1996లో వచ్చింది. వీధికుక్కలకి ఆపరేషన్లు, టీకాలు, రోడ్డు మీద దెబ్బ తిన్న పశువులకి వైద్యం, వాళ్ల చేతుల్లో ఉన్న పనే కొండంత. నేను ఫోన్ చేసినవి అంతకంటే చిన్న చోట్లు, నెట్‌లో దొరికిన నంబర్లు. కొన్ని మోగలేదు. ఒకాయన "కుక్కలైతే చెప్పండమ్మా" అన్నాడు. ఇంకో చోట ఎత్తిన అమ్మాయి మాత్రం పెట్టెయ్యలేదు. వాళ్ల దగ్గరా అప్పటికే పంజరాలు నిండిపోయాయట. లాక్‌డౌన్‌లో పిల్లలకి కొనిపెట్టిన కుందేళ్లు, గినీపందులు, లవ్‌బర్డ్స్, బళ్లు తెరవగానే అట్టపెట్టెల్లో గేటు ముందు పెట్టిపోతున్నారట.

"నేను తీసుకోలేనక్కా. కానీ మీరే అక్కడొక చిన్న ఆశ్రయం అనుకోండి, ఎలా చెయ్యాలో నేను చెబుతాను" అంది. ఆ అమ్మాయిని ఇప్పటికీ నేను చూడలేదు. ఆ తర్వాత మూడు నెలలూ రాత్రి పదింటికి ఫోన్ చేసేది. కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచాలి. ఆడా మగా కలిపి ఎవరికీ ఇవ్వకూడదు. ఒంటరిగానూ ఇవ్వకూడదు, ఒకే కాన్పులో పుట్టిన రెండు ఆడవాటిని జతగా ఇవ్వాలి. ప్రతిదానికీ పేరు, ఒంటి మీద గుర్తు, పుట్టిన తేదీ, వేసిన మందు రాసిన పుస్తకం ఉండాలి. తీసుకునేవాళ్లని ప్రశ్నలడగాలి. నేను కుట్టుకొలతలు రాసుకునే పొడుగు పుస్తకాల్లో కొత్తది ఒకటి తీసి గళ్లు గీశాను. చివరి గడి: ఊరు. ప్రశ్నల సంగతి మాత్రం పక్కన పెట్టాను. ఊరికే ఇస్తూ ఎదుటివాళ్లని ప్రశ్నలడగడం నాకు సిగ్గనిపించింది.

మొదటి జత సఖినేటిపల్లిలో ఒక టీచరు గారికి వెళ్లింది. ఆ తర్వాత ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. మర్యాదస్తుడు. "మా పిల్లలు సరదా పడుతున్నారు చెల్లెమ్మా, ఓ నాలుగు ఇవ్వండి, తోటలో వదులుతాం" అన్నాడు. నాలుగు అనగానే నా గుండె బరువు సగం దిగింది. మొదటి కాన్పువి, బాగా ఒళ్లు చేసినవి, నాలుగూ ఇచ్చాను. సంచిలో గడ్డి కూడా కట్టిచ్చాను. పది రోజులకి సెంటర్లో కనిపిస్తే ఎలా ఉన్నాయండీ అని నవ్వుతూ అడిగాను. ఆయనా నవ్వుతూనే చెప్పాడు, "ఆయ్! చుట్టాలొచ్చారండి, ఆదివారం కూర చేశాం. లేత మాంసం, భలే ఉందండి."

కూరల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన దొంగతనం చెయ్యలేదు, దాచనూ లేదు. మాంసం కోసం చెవులపిల్లుల్ని పెంచి అమ్మేవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. కోడిని పెంచి కోసుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఆయన్ని ఏమని అడగను? అడగవలసింది పది రోజుల ముందు. ఆ అమ్మాయి చెప్పిన మొదటి ప్రశ్నే అది, మీ ఇంట్లో వీటిని తింటారా అని. ఆ నాలుగింటి వరసలో ఊరు గడి పక్కన "నేను అడగలేదు" అని రాసుకున్నాను. అవి నా చేతి వాసన పట్టి దగ్గరకొచ్చినవి. సంచిలోకి కూడా నా చెయ్యి చూసే దూకాయి.

ఆ తర్వాత ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. మే నెల కోనసీమ ఉక్క. చెవులపిల్లికి చెమట పట్టదు, చెవుల్లోంచే వేడి పోవాలి. పంజరాల మీద తడిగోనెలు కప్పి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ల సీసాలు లోపల పెట్టేదాన్ని. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం రెండు పోయాయి. ఇల్లుగలాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడు ఎవరో సలహా ఇచ్చారు, కేశనపల్లి వైపు సముద్రం ఒడ్డు సరుగుడు తోటల్లో వదిలెయ్యమని. ఒక సాయంత్రం నాలుగింటిని బుట్టలో పెట్టుకుని నిజంగానే వెళ్లాను. మూత తీశాను. ఇసుకలో తెల్లగా, దీపాల్లా ఉన్నాయి. ఒక్కటి కూడా పరుగెత్తలేదు. నా చెప్పుల చుట్టూ చేరి కూర్చున్నాయి. మన పొలాల్లో తిరిగే అడవి కుందేలు మట్టిరంగులో ఉంటుంది, ఎక్కడ నక్కాలో దానికి తెలుసు. ఇవి పంజరంలో పుట్టినవి, వీటికి నక్క అంటే తెలియదు. మళ్లీ బుట్టలో ఎత్తుకుని ఇంటికొచ్చాను. పెంచుకున్న జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమనీ, పెట్ షాపులు రిజిస్టరు చేసుకోవాలని 2018లో నిబంధనలు వచ్చాయనీ ఆ రాత్రి ఫోన్లో విన్నాను. చిన్నీనీ బన్నీనీ అమ్మినవాడు ఎదురింటి పిల్ల తండ్రికి ఒక్క మాట, ఒకటి మగదని సరిగ్గా చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అనిపించింది.

మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ అమ్మాయి పెంపకందారుల కోసం ఫొటోలు పంపమన్న సమయమది. ఫోన్ పట్టుకుని బస్సులో చించినాడ వంతెన దాటి, పశ్చిమగోదావరి గట్టున నిలబడి, సిగ్నల్ పట్టుకుని ఫొటోలు పంపేదాన్ని. నా పక్కన ఉద్యోగాలు పోతాయని భయపడే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు తెరిచి కూర్చునేవారు. జూన్‌లో మూడు వెళ్లాయి, ఈసారి ఇంటికెళ్లి చూసి, అడిగి ఇచ్చాను. ఇక 12 మిగిలాయి. ఇల్లుగలాయన ఇచ్చిన గడువు అయిపోయింది. రామరాజులంకలో గట్టు లోపల మా మావయ్యగారి కొబ్బరితోట ఉంది. అందులో తాటాకు పాకలో రెండు వరసల గూడు కట్టించి 12నీ అక్కడికి చేర్చాను. పై వరసలో ఏడు, కింది వరసలో అయిదు. కింద చల్లగా ఉంటుందని చిన్నీని కింద పెట్టాను.

జులై రెండో వారంలో గోదారి పెరగడం మొదలైంది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వరద 25 లక్షలు దాటింది. 16వ తేదీ శనివారం భద్రాచలంలో 71.3 అడుగులు. అంతకు ముందు రోజు, శుక్రవారం పొద్దున్న, మావయ్యగారు గేదెల్ని గట్టెక్కించి నాకు ఫోన్ చేశారు. "86 అంత కాదులేమ్మా ఇది. పాక అరుగు దాటదు. గూళ్లు ఎత్తు మీదే ఉన్నాయి." 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల గోదారిని చూసిన మనిషి. ఆయన మాట నమ్మాను. నమ్మడం నాకూ సుఖంగా ఉంది. ఆ రోజు నాలుగు రవికలు ఇవ్వాలి. రేపు వెళదామనుకున్నాను.

శనివారం తెల్లారేసరికి తోటలో నడుంలోతు. ఏటిగట్టు మీద మనుషులు ఇసుక బస్తాలు వేస్తున్నారు. మనుషుల్ని తేవడానికే పడవలు సరిపోవడం లేదు, చెవులపిల్లులకి అని అడగడానికి నోరు రాలేదు. చివరికి మా ఆడపడుచు కొడుకు నాటుపడవ తెచ్చాడు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి వెళుతుంటే నీళ్ల మీద కాయలు, డొక్కలు, చెప్పులు, ఒక చచ్చిన కోడి. పాక కప్పు కనిపించింది. లోపల చప్పుడు లేదు.

కింది వరస పూర్తిగా నీళ్లలో ఉంది. తలుపు గడియ నేనే తీగతో బిగించి కట్టాను, కుక్కలు రాకుండా. ఆ తీగ ముడి నీళ్లలో చేత్తో వెతికి విప్పాల్సి వచ్చింది. అయిదూ పై చువ్వలకి అతుక్కుని ఉన్నాయి, పై వరస వైపు. చిన్నీ పొట్ట కింద ఒక చిన్నది ఉంది. చెవులపిల్లి నోరు లేని జీవి అంటారు. భయం పుట్టినప్పుడు అది అరుస్తుంది, ఒక్కసారి విన్నాను, గజ్జి సూది వేసినప్పుడు. చంటిపిల్ల కేకలా ఉంటుంది. ఆ రాత్రి అవి అరిచి ఉంటాయి. నేను మలికిపురంలో ఫ్యాను కింద పడుకుని ఉన్నాను.

పైవి ఏడూ బతికాయి. చొక్కాలు విప్పి వాటిని చుట్టి, కొబ్బరికాయల బుట్టల్లో పెట్టి, పైన వల కప్పి గట్టెక్కించాం. ఊరివాళ్ల కోసం బళ్లో పెట్టిన పునరావాస కేంద్రానికే నేనూ వెళ్లాను. అక్కడి పెద్దమనిషి, "మనుషులకే చోటు లేదమ్మా" అన్నాడు. నిజమే. వరండా మెట్ల కింద బుట్టలు పెట్టుకుని నేనూ అక్కడే పడుకున్నాను. గేదెలకి దాణా వచ్చింది. చెవులపిల్లులకి ఏ లెక్కలోనూ చోటు లేదు, అడిగితే నవ్వేవారు. గడ్డి అంతా నీళ్ల కింద ఉంది. గట్టు మీద మునగకొమ్మలు, అరటాకులు తెచ్చేదాన్ని. పిల్లలు పులిహోర ముద్దలు లోపలికి తోసేవారు. కొట్టలేక, ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క చెవులపిల్లిని అప్పజెప్పి, అన్నం పెడితే దీనికి ఏమవుతుందో చెప్పాను. ఆ తర్వాత ఒక్క మెతుకు లోపలికి పోలేదు. వాళ్లే కాపలా.

రెండో రాత్రి బన్నీ మేత మానేసింది. పొట్ట రాయిలా ఉంది. సిరంజితో కొంచెం కొంచెం నీళ్లు పట్టిస్తూ, పొట్ట మెల్లగా నిమురుతూ తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకున్నాను. మర్నాడు తొమ్మిదింటికి నాలుగు పెంటికలు వేసింది. ఏడ్చాను. పక్కన పడుకున్న ముసలావిడ ఏమైందోనని లేచి కూర్చుంది.

నీళ్లు తీశాక ఆ అయిదింటినీ తోటలో ఒక చెట్టు మొదట్లో పాతిపెట్టాను. తర్వాత ఆరు నెలల్లో ఇంకో అయిదు వెళ్లాయి, అందులో రెండు ఆ బళ్లో కాపలా ఉన్న పిల్లాడి ఇంటికే. ఇప్పుడు ఎవరొచ్చినా కూర్చోబెట్టి అడుగుతాను. తింటారా? కుక్క ఉందా? రాత్రిపూట ఎక్కడ పెడతారు? వేసవిలో? వరదొస్తే? ఊరెళితే ఎవరు చూస్తారు? వద్దనుకుంటే నాకే తిరిగి ఇస్తారా? కొందరు కోపంతో లేచి వెళ్లిపోయారు. సిగ్గుపడటం మానేశాను. ఇచ్చిన వారానికోసారి, నెలకోసారి వెళ్లి చూసొస్తాను. రెండు మిగిలాయి, బన్నీ, దాని కూతురొకటి, మధ్య తడిక వేసి.

2024 సంక్రాంతికి ఎదురింటి వదిన కువైట్ నుంచి వచ్చింది, హైదరాబాదు నుంచి అమ్మాయి వచ్చింది. పదేళ్లు నిండాయి, పొడుగైంది. పుస్తకం అడిగి, గచ్చు మీద కూర్చుని ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివింది.

"చిన్నీకి ఊరు రాయలేదేంటత్తా?"

చెప్పాను. నీళ్లొచ్చిన రాత్రి, కింది వరస, తీగ ముడి, నేను ఒక రోజు ఆగడం, అన్నీ. ఏడవలేదు. పుస్తకం మూసి బన్నీ దగ్గరికెళ్లి చాలాసేపు కూర్చుంది. బన్నీ ఆ పిల్లని గుర్తుపట్టిందో లేదో నేను చెప్పలేను. చేతిలో గడ్డి మాత్రం తింది.

"బన్నీని నాకిచ్చేస్తావా?"

"ఇస్తాను. రాత్రిపూట ఎక్కడ పెడతావు?"

"మా పంచలో, తలుపు లోపల."

"మళ్లీ ఊరెళితే ఎవరు చూస్తారు?"

ఎదురింటి వైపు చూసింది. అరుగు మీద వాళ్లమ్మ ఫోన్లో ఏజెంటుతో మాట్లాడుతోంది.

"అమ్మనడిగి చెబుతా" అంది. సంక్రాంతి సెలవులు అయిపోయాయి. బన్నీ మా ఇంట్లోనే ఉంది.